డి కీ ఊడిపోయిన లాప్‌టాప్: ఒక డాక్యుమెంట్ రైటర్ గారి కేసు

తిరుపతిలో లాప్‌టాప్ రిపేరు పని చేస్తా ఉన్నాను, చాలా ఏళ్ళు అయింది. కీ వదులైంది, కీ ఊడిపోయింది అని వచ్చే కేసులు మాకు రోజూ ఉండేవే, ఎక్కువ భాగం కూర్చోబెట్టి పది పదిహేను నిమిషాల్లో చేసి పంపించేస్తాం, రాసి పెట్టుకునేంత విషయం వాటిల్లో ఉండదు. ఈ కేసు మాత్రం రాస్తున్నా, ఎందుకంటే ఇందులో ఒకే ఒక్క కీ కింద ఉన్న భాగాల్లో దాదాపు అన్నీ ఏదో ఒక రకంగా దెబ్బ తిని ఉన్నాయి, ఏది ముందు చూడాలి ఏది తర్వాత చూడాలి అన్న వరస ఇక్కడ చాలా ముఖ్యమైంది. ఈ పని కొత్తగా నేర్చుకునే పిల్లలకీ, ఇంట్లో సొంతంగా చేసుకుందాం అనుకునేవాళ్ళకీ పనికొస్తుంది అనుకుంటున్నా. కస్టమర్ పేరు, ఊరు, లాప్‌టాప్ మోడల్ చెప్పను, మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

ఎవరిది, ఏం పనికి వాడతారు

ఆయన పెద్దాయన, ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఒక చిన్న టౌన్‌లో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర డాక్యుమెంట్ రైటర్. క్రయ దస్తావేజులు, దాన సెటిల్‌మెంట్లు, భాగ పరిష్కారాలు, అన్నీ తెలుగులోనే, అన్నీ తన లాప్‌టాప్ మీదే టైప్ చేస్తారు. 15.6 అంగుళాల మామూలు లాప్‌టాప్, పక్కన నంబర్ ప్యాడ్ ఉన్నది, వారంటీ ఎప్పుడో అయిపోయింది. తెలుగు టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ (ఏ కీ మీద ఏ తెలుగు అక్షరం అన్న అమరిక) వాడతారు, కీల వైపు చూడరు, స్క్రీన్ వైపు చూడరు, పక్కన పెట్టుకున్న రఫ్ కాపీ చూస్తా కొట్టేస్తారు.

ఈ లేఅవుట్ సంగతి ఇక్కడ ఎందుకు చెప్తున్నానంటే, ఇన్‌స్క్రిప్ట్‌లో ఇంగ్లీష్ డి కీ మీద ఉండేది పొల్లు (్). తెలుగులో ఒత్తు వచ్చిన దాదాపు ప్రతి చోటా ఆ కీ కొట్టాల్సిందే. వాళ్ళ పనిలో చెక్కుబందీ (ఆస్తికి నాలుగు పక్కలా ఉన్న హద్దులు) రాయకుండా ఒక్క స్థిరాస్తి దస్తావేజు కూడా ఉండదు, తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం, ఈ నాలుగు దిక్కుల్లో మూడింటిలో ఒత్తు ఉంది. ఇంగ్లీష్ టైప్ చేసేవాళ్ళ లాప్‌టాప్‌లో ఈ (E), ఏ (A) లాంటి కీలు ముందు అరుగుతాయి, ఇలాంటి తెలుగు టైపింగ్ వాళ్ళ లాప్‌టాప్‌లో డి కీ, ఎఫ్ కీ ముందు వదులవుతాయి. ఎఫ్ మీద గుడి ఉంటుంది కదా. కస్టమర్ ఏ భాషలో ఏ లేఅవుట్‌లో కొడతారో అడిగితే ఏ కీ ఎంత అరిగి ఉంటుందో తీయకముందే ఒక అంచనా వస్తుంది.

వచ్చినప్పుడు పరిస్థితి

ఆయన మాటల్లోనే: "కీ ఒక పక్క లేచిపొయ్యింది నాయనా, రెండు రోజులకు ఊడొచ్చేసింది, ఫెవిక్విక్ పెట్టి అతికిస్తిని, ఇప్పుడు అసలు దిగనే దిగదు. ఇది బాగవుతాదా?"

చూస్తే డి కీ క్యాప్ కొంచెం వంకరగా, పక్క కీల కన్నా కిందకి కూర్చుని ఉంది, చుట్టూ తెల్లటి పొడి లాగా పట్టి ఉంది. ఆ తెల్లది గ్లూ ఆవిరి, సూపర్ గ్లూ ఆరేటప్పుడు ఆ ఆవిరి చుట్టుపక్కల ప్లాస్టిక్ మీద అలా పేరుకుంటుంది. నొక్కితే రాయి లాగా ఉంది.

మరి ఇన్ని రోజులు ఎలా నడిపారు సార్ అని అడిగితే, పాత ఫైల్లో ఉన్న ఒక పొల్లుని మౌస్‌తో కాపీ చేసి పెట్టుకుని, కావాల్సిన చోటల్లా కంట్రోల్ వీ కొడతా ఉన్నారంట. అట్లా చేస్తా చేస్తా ఒక దస్తావేజులో రెడ్డి అని ఉండాల్సిన చోట రెడడి అని పడింది, చివర్లో చదివేటప్పుడు కనపడింది కాబట్టి సరిపోయింది. రిజిస్టర్ అయ్యాక కనపడి ఉంటే సవరణ దస్తావేజు రాయాలి, పార్టీలందరినీ మళ్ళీ ఆఫీసుకి పిలిపించాలి. ఆయన భయం అది. నాకూ అప్పుడే అర్థమైంది, ఈయనకి ఇది కీ సరిగ్గా పడకపోతే చికాకు అనే స్థాయి విషయం కాదు, పేర్లు తప్పు పడతాయి అనే విషయం.

కీ కింద ఏముంటుంది

తర్వాత చెప్పేది అర్థం కావాలంటే ఇది తెలియాలి. లాప్‌టాప్ కీలో పైన కనిపించేది క్యాప్. దాని కింద రెండు ప్లాస్టిక్ ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూరి మడత కుర్చీ కాళ్ళ లాగా అడ్డంగా ఉంటాయి, దాన్నే మేము క్లిప్ అంటాం, క్యాప్ వంకర పోకుండా నిటారుగా దిగేలా చేసేది అదే. క్లిప్ మధ్యలో రబ్బర్ బుడిపె, వేలు తీయగానే కీని పైకి లేపేది అది. రబ్బర్ కింద మెంబ్రేన్, అంటే మూడు పల్చటి ప్లాస్టిక్ షీట్లు, పై షీటుకీ కింద షీటుకీ సర్క్యూట్ గీతలు, మధ్య షీటులో రంధ్రాలు, నొక్కినప్పుడు పైదీ కిందదీ ఆ రంధ్రంలో తాకితే అక్షరం పడుతుంది. అన్నిటి కింద రేకు, ఆ రేకులోంచి పైకి వంచిన చిన్న చిన్న కొక్కేలు ఉంటాయి, క్లిప్ కింది భాగం ఆ కొక్కేల్లో కూర్చుంటుంది. మొత్తం కీ దిగేది మిల్లీమీటరున్నర అటూ ఇటూ, అంతే. అంత తక్కువ జాగాలో గ్లూ చుక్క పడితే కదలాల్సినవన్నీ ఒకే ముద్ద అయిపోతాయి.

కీ వదులైంది అంటే వీటిల్లో ఏదైనా కావచ్చు. క్యాప్ వెనకాల పట్టు తెగి ఉండొచ్చు, క్లిప్ కాలు విరిగి ఉండొచ్చు, కొక్కెం వంగి ఉండొచ్చు. పైనుంచి చూస్తే అన్నీ ఒకేలా కనపడతాయి. అందుకే కీ వదులైంది అనగానే అతికించేయడం అనే ఆలోచన నాకు నచ్చదు, ఏది పోయిందో తెలీకుండా అతికించేది ఎక్కడ?

ముందు తేల్చుకున్నవి

మొదటి ప్రశ్న, లోపం కీలోనా, ఇంకా లోపల ఎక్కడైనానా. యూఎస్‌బీ కీబోర్డు ఒకటి తగిలించి డి కొడితే పొల్లు పడింది, అంటే విండోస్, లేఅవుట్ బాగానే ఉన్నాయి. తర్వాత లాప్‌టాప్ కీబోర్డులో మిగతా కీలన్నీ ఒక్కొక్కటే నోట్‌ప్యాడ్‌లో కొట్టి చూశా, అన్నీ పడ్డాయి. ఇది ఎందుకంటే కీబోర్డు లోపల కీలన్నీ అడ్డ వరసలు, నిలువు వరసలుగా వైరింగ్ అయి ఉంటాయి, ఒక గీత తెగినా, రిబ్బన్ కేబుల్ వదులైనా ఒకేసారి నాలుగైదు కీలు పోతాయి. ఒక్క డి మాత్రమే పోయింది కాబట్టి లోపం అక్కడికే పరిమితం. అయితే గ్లూ వల్ల దిగకపోవడం ఒక్కటేనా, లోపల కాంటాక్ట్ కూడా పోయిందా అన్నది క్యాప్ తీస్తే గానీ తెలీదు.

రెండో ప్రశ్న, మొత్తం కీబోర్డు మార్చేద్దామా. చాలా షాపుల్లో ఇదే మొదటి మాట, తప్పు అని కూడా అనను, కొన్నిసార్లు అదే సరైన పని. కానీ ఈ లాప్‌టాప్‌లో కీబోర్డు స్క్రూలతో ఉండేది కాదు, పై ప్యానెల్‌కి ప్లాస్టిక్ రివిట్లతో కరిగించి అతికించేసి ఉంటుంది. మార్చాలంటే బోర్డు, బ్యాటరీ, ఫ్యాన్ అన్నీ విప్పి, ఆ రివిట్లన్నీ కోసి, కొత్తది పెట్టి మళ్ళీ వేడి చేసి అతికించాలి, లేదా ప్యానెల్‌తో సహా మార్చాలి. ఖర్చు ఎక్కువ, సరుకు చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి తెప్పించాలి, అన్నిటికన్నా ముఖ్యం, రివిట్లు కోశాక మళ్ళీ మొదట్లో ఉన్నంత బిగువు రావడం కష్టం, కొట్టేటప్పుడు మధ్యలో కీబోర్డు లోపలికి ఊగుతుంది.

నేను ఆలోచించింది ఇలా: ఒక్క కీ బాగు చేసే ప్రయత్నం ముందు చేసి అది కుదరకపోతే కీబోర్డు మార్చే దారి ఇంకా ఉంటుంది, పోయేది ఏమీ లేదు. రివిట్లు కోసేశాక వెనక్కి రాలేం. వెనక్కి రాగలిగే పని ముందు. ఆయనకి ఇదే మాట చెప్పా, కుదరచ్చు, కుదరకపోవచ్చు, కుదరకపోతే కీబోర్డు ఖర్చు తప్పదు అని. ఒప్పుకున్నారు.

ఆయన పని ఆగకుండా

ఆ రోజు లాప్‌టాప్ వదిలి వెళ్ళలేనన్నారు, మరుసటి రోజుకి స్లాట్ బుక్ అయి ఉన్న దస్తావేజులు ఉన్నాయి. యూఎస్‌బీ కీబోర్డు కొనుక్కుని వాడుకోండి సార్ అంటే, ఆయన కూర్చునే బల్ల మీద లాప్‌టాప్, ప్రింటర్, స్టాంపు పేపర్ల ఫైళ్ళు పోను జాగా లేదన్నారు. పైగా పెద్ద కీబోర్డులో కీ లోతుగా దిగుతుంది, లాప్‌టాప్‌కి అలవాటు పడిన వేళ్ళకి స్పీడు రాదు.

అందుకని తాత్కాలికంగా ఒక వాడని కీని డి లాగా మార్చి ఇచ్చా. ఏ కీ వాడరు సార్ అంటే క్లోజ్ బ్రాకెట్ కీ చూపించారు, దాంతో తనకి పనే పడదంట. దీనికి రెండు దారులు ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ వాళ్ళ పవర్‌టాయ్స్‌లో కీబోర్డ్ మేనేజర్ ఉంటుంది, సులభం, కానీ అది లాగిన్ అయ్యాకే పని చేస్తుంది, పాస్‌వర్డ్ కొట్టే స్క్రీన్ మీద పని చెయ్యదు. ఆయన పాస్‌వర్డ్‌లో డి ఉంది. కాబట్టి రెండో దారి, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో కీబోర్డ్ లేఅవుట్ కింద స్కాన్‌కోడ్ మ్యాప్ అనే విలువ పెట్టడం. స్కాన్‌కోడ్ అంటే ఒక్కో కీకి ఉండే నంబరు, డి కీ స్కాన్‌కోడ్ 20, క్లోజ్ బ్రాకెట్‌ది 1బి, 1బి కొడితే 20 అనుకోమని రాసి రీస్టార్ట్ చేస్తే లాగిన్ స్క్రీన్ దగ్గర నుంచే పని చేస్తుంది. కీ స్థాయిలోనే మారుతుంది కాబట్టి ఇన్‌స్క్రిప్ట్‌లో ఉన్నప్పుడు పొల్లు పడుతుంది, ఇంగ్లీష్‌లో ఉన్నప్పుడు డి పడుతుంది, వేరే సెట్టింగ్ ఏమీ అక్కర్లేదు.

ఇదే శాశ్వతంగా ఉంచేయచ్చు కదా అని అడిగేవాళ్ళు ఉంటారు. ఉంచలేం. పొల్లు ఎడమ చేతి మధ్య వేలు కింద, వేలు కదపకుండా కొట్టేది, క్లోజ్ బ్రాకెట్ కుడి చేతి చిటికెన వేలు సాగదీస్తే అందేది. దాదాపు ప్రతి రెండు మాటలకి ఒకసారి కొట్టాల్సిన కీని అక్కడ పెడితే సాయంత్రానికి చేయి నొప్పి. కాపీ పేస్ట్ కన్నా నయం, అంతవరకే. ఆఫీసు సెలవు చూసుకుని శనివారం సాయంత్రం లాప్‌టాప్ ఇచ్చి వెళ్ళారు.

గ్లూ పట్టిన క్యాప్ తీయడం

ఇక్కడ తొందర పడితే మిగిలినవి కూడా పోతాయి. ముందుగా ముట్టుకున్నది డి కీని కాదు, క్లోజ్ బ్రాకెట్ కీని. ఎందుకంటే ఒక్కో కీబోర్డులో క్యాప్ క్లిప్‌కి పట్టుకునే తీరు ఒక్కోలా ఉంటుంది, ఒక పక్క క్లిక్ అని పట్టుకుంటుంది, ఇంకో పక్క జారి దూరుతుంది, జారే పక్క నుంచి పైకి లాగితే ఆ పట్టులు తెగిపోతాయి. బాగున్న కీ ఒకటి నిదానంగా తీసి చూస్తే గ్లూ కింద ఏముందో, ఏ వైపు నుంచి లేపాలో తెలుస్తుంది. స్క్రూడ్రైవర్ వాడొద్దు, పల్చటి ప్లాస్టిక్ ఓపెనర్ గానీ పాత ఏటీఎం కార్డు అంచు గానీ చాలు. తీసేటప్పుడు ప్రతి దశలో ఫోన్‌లో ఫోటో, క్లిప్ ఏ వైపు తిరిగి కూర్చుందో తర్వాత గుర్తుండదు.

ఇక గ్లూ. అసిటోన్‌తో కరుగుతుంది, నెయిల్ పాలిష్ రిమూవర్ చాలామంది వాడేది అందుకే. కానీ కీబోర్డు మీద అసిటోన్ పోయడానికి నేను ఒప్పుకోను. కీ క్యాప్‌లు ఎక్కువగా ఏబీఎస్ ప్లాస్టిక్, అసిటోన్‌కి అది కరుగుతుంది, పక్క కీల మీద అక్షరాలు కూడా పోతాయి. ఇంకా పెద్ద భయం మెంబ్రేన్, ద్రవం ఏదైనా సరే షీట్ల మధ్యకి ఒకసారి పాకిందంటే బయటకి తీయలేం, లోపల గీతలు కండక్టివ్ ఇంకుతో ప్రింట్ చేసినవి, దెబ్బ తింటే ఇప్పుడు ఒక్క కీ పోయింది రేపు వరస పోతుంది. వేడి గాలి కూడా ఆలోచించా, సూపర్ గ్లూ మెత్తబడేంత వేడికి కింద రబ్బరు అతికించిన గమ్, షీట్లు కూడా మెత్తబడతాయి, అదీ వద్దు.

సూపర్ గ్లూకి ఒక బలహీనత ఉంది, నేరుగా లాగితే గట్టిగా పట్టుకుంటుంది గానీ అంచు నుంచి ఒలిచినట్టు లేపితే పెళుసుగా చిట్లుతుంది. కాబట్టి పల్చటి బ్లేడు ముక్క క్యాప్ కిందకి పడుకోబెట్టి దూర్చి, కొంచెం కొంచెం తిప్పుతా పోతే టిక్ టిక్ అని చిట్లుతా వచ్చింది. టైమ్ పట్టింది కానీ పక్క కీలకి గీత పడలేదు.

వచ్చిన ముద్దలో ఏముందో చూస్తే, క్యాప్ వెనకాల పట్టుల్లో ఒకటి తెగి ఉంది. క్లిప్ బయటి ముక్క కాలు విరిగి ఉంది. రబ్బరు క్యాప్‌కి అతుక్కుని దాంతో పాటు లేచి వచ్చేసింది. ఇవన్నీ ఊహించినవే. ఊహించనిది ఏంటంటే ఆ గ్లూ ముద్దలో ఒక స్టాప్లర్ పిన్ను ముక్క ఉంది.

అప్పుడు ఫోన్ చేసి అడిగా, సార్, కీ ఊడకముందు ఏమైంది అసలు అని. అప్పుడు గుర్తు చేసుకున్నారు, కీ ఒక పక్క లేచినట్టుంటే కింద ఏదో ఉందని పేనా కత్తితో లేపి చూశారంట, ఏమీ కనపడలేదు, మళ్ళీ గట్టిగా నొక్కి పెట్టేశారు. కథ మొత్తం అక్కడుంది. మొదట కీ వదులు కాలేదు. దస్తావేజుల పిన్నులు తీసి వేసే బల్ల అది, ఒక ముక్క కీ పక్క సందులోంచి దూరి క్లిప్ కింద పడింది, కీ ఒక పక్క లేచింది. కత్తితో లేపితే క్యాప్ పట్టు తెగింది, పిన్ను మీద క్లిప్‌ని గట్టిగా నొక్కితే కాలు విరిగింది. తర్వాత గ్లూ. మొదటి రోజే లాప్‌టాప్ ఆఫ్ చేసి తిరగేసి మెల్లగా తట్టి, బ్రష్‌తో ఊడ్చి ఉంటే ఆ ముక్క బయట పడేదే.

పని చెయ్యనివి

ఏది పెట్టే ముందు అయినా కాంటాక్ట్ ఉందో లేదో చూడాలి, లేకపోతే క్లిప్ వెతకడం దండగ. గ్లూ పలుకులు ట్వీజర్‌తో ఏరేసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కాటన్ బడ్ తడి చేసి, కారకుండా, పైపైన మాత్రమే తుడిచి ఆరనిచ్చా. తర్వాత లాప్‌టాప్ ఆన్ చేసి నోట్‌ప్యాడ్ తెరిచి, పెన్సిల్ చివర రబ్బరుతో ఆ రంధ్రం ఉన్న చోట మెల్లగా తాకించా. డి పడింది. మళ్ళీ మళ్ళీ చూశా, ప్రతిసారీ పడింది, ఒకసారి తాకితే ఒక్కటే పడింది. అంటే మెంబ్రేన్ బాగుంది, పోయినవన్నీ పైన భాగాలే. ఈ కేసులో కీబోర్డు మార్చాలా వద్దా అన్నది తేల్చింది ఈ పరీక్షే.

ఇక క్లిప్. మా దగ్గర పాత కీబోర్డులు చాలా పడి ఉంటాయి, అందులో అచ్చం ఇదే మోడల్ లాప్‌టాప్‌ది ఒకటి ఉంది. దాని క్లిప్ తీసి పెడితే కూర్చోలేదు. కంటికి ఒకటే, భూతద్దంలో చూస్తే కాళ్ళ చివర మందం వేరే, కొక్కెం నుంచి కొక్కేనికి దూరం వేరే. ఇది చాలామందికి తెలీని విషయం: లాప్‌టాప్ కంపెనీలు కీబోర్డులు ఎక్కువగా సొంతంగా చెయ్యవు, చికోనీ, డార్ఫాన్, సన్‌రెక్స్, లైట్‌ఆన్ లాంటి కంపెనీల నుంచి తీసుకుంటాయి, ఒకే మోడల్‌కి ఇద్దరు ముగ్గురి కీబోర్డులు వస్తాయి, ఒక్కొక్కరి క్లిప్ ఒక్కోలా. మోడల్ నంబర్ చూసి ఆన్‌లైన్‌లో ఒక కీ ఆర్డర్ పెడితే రాగానే సరిపోనిది అందుకే. క్లిప్ ఫోటో పక్కపక్కన పెట్టి చూసి గానీ కొనకూడదు. దాన్నే కొంచెం అరగదీసి దూర్చడం కుదురుతుంది, రెండు రోజులు నిలుస్తుంది కూడా, కానీ ఇంత వాడే కీలో అరగదీసిన కాలు మళ్ళీ విరుగుతుంది, ఆ విరిగేటప్పుడు కొక్కేన్ని వంచేసి పోతుంది. పక్కన పెట్టేశా.

క్యాప్ తెగిన పట్టుని ఎపాక్సీతో కట్టడం కూడా ఆలోచించి వదిలేశా. అంత చిన్న చోట, నొక్కిన ప్రతిసారీ బరువు పడే చోట, అతుకు నిలవదు.

నిలబడింది

మిగిలిన దారి, ఈ కీబోర్డులోనే ఉన్న క్లోజ్ బ్రాకెట్ కీ క్లిప్, క్యాప్ రెండూ తెచ్చి డి చోట పెట్టడం. ఒకే కీబోర్డులో అక్షరాల కీలన్నిటికీ సాధారణంగా ఒకే క్లిప్ ఉంటుంది, కొలత గురించి అనుమానం లేదు. పైన గుర్తు మారుతుంది కానీ కింద నొక్కేది డి కాంటాక్టే కాబట్టి పడేది డి, తెలుగులో పొల్లు. ఇన్‌స్క్రిప్ట్ అక్షరాలు ఆ కీబోర్డు మీద ఎలాగూ లేవు, ఆయన చూసి కొట్టేవారు కూడా కాదు. ఫోన్ చేసి అడిగి, సరే అన్నాకే మొదలుపెట్టా, ఒక కీ ఖాళీ అవుతుంది కదా, చెప్పకుండా చెయ్యకూడదు.

ముందు రబ్బరు. పాత రబ్బరు చిరగలేదు, పైన పట్టిన గ్లూ పొర గోరుతో ఒలిస్తే వచ్చేసింది. సిలికాన్ రబ్బరుకి సూపర్ గ్లూ సరిగ్గా పట్టదు, పట్టినా అక్కడ వాడను. ఆసిడ్ వాసన రాని సిలికాన్ సీలెంట్, న్యూట్రల్ క్యూర్ అని ట్యూబ్ మీద రాసి ఉంటుంది, అది వాడా. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు వదిలే ఆసిడ్ సర్క్యూట్ గీతల్ని తినేస్తుంది. సూది మొనతో అంచు చుట్టూ మూడు చోట్ల చుక్కలు, అంతే, చుట్టూ మూసేయకూడదు. నొక్కినప్పుడు రబ్బరు లోపలి గాలి బయటకి పోవాలి, మొత్తం మూసేస్తే కీ గట్టిగా ఉంటుంది, నిదానంగా లేస్తుంది. మధ్యలో సరిగ్గా కూర్చుందో లేదో కూడా చూసుకోవాలి, అర మిల్లీమీటరు పక్కకి పోయినా వేలు అంచున పడినప్పుడు అక్షరం పడదు. సిలికాన్ ఆరడానికి ఒక రోజు వదిలేశా.

తర్వాత క్లిప్ మాత్రం పెట్టి చూశా, క్యాప్ లేకుండా. ఎడమ పక్క కాలు కూర్చున్నట్టే కూర్చుని నొక్కగానే లేచి వచ్చేస్తోంది. భూతద్దంలో చూస్తే రేకు కొక్కెం బయటకి వంగి ఉంది, పేనా కత్తి పని. క్యాప్ కూడా ఒకేసారి పెట్టేసి ఉంటే ఇది కనపడేది కాదు, కీ వదులుగా ఉంది అని క్లిప్ మీద అనుమానం పోయేది. అందుకే ఒక్కో భాగం విడిగా పెట్టి చూడటం.

కొక్కేన్ని సరిచేయడం ఈ కేసులో నాకు ఎక్కువ గుండె దడ ఉన్న పని. అది పల్చటి రేకు, ఒకసారి వంగింది, మళ్ళీ వెనక్కి వంచుతున్నాం, అటూ ఇటూ రెండు మూడుసార్లు ఆడిస్తే లోహం గట్టిపడి తెగుతుంది. తెగిందంటే ఆ కీకి ఇక మందు లేదు, కీబోర్డు మార్చాల్సిందే. మెంబ్రేన్ మీద పల్చటి ప్లాస్టిక్ ముక్క అడ్డం పెట్టి, చదును మొన ట్వీజర్‌తో ఒక్క వైపే, కొంచెం వంచడం, క్లిప్ పెట్టి చూడటం, మళ్ళీ కొంచెం వంచడం. ఎక్కువ మూసేస్తే కాలు తిరగదు, అందుకని బిగువు వచ్చీ రాగానే ఆపేశా. క్లిప్ ఈసారి లేచి పడుకుని, లేచి పడుకుని, ఊడకుండా ఆడింది. చివరికి క్యాప్, మొదట జారే పక్క దూర్చి, తర్వాత ఇంకో పక్క నొక్కితే టక్కున పట్టుకుంది.

రిజిస్ట్రీలో పెట్టిన మ్యాపింగ్ తీసేసి రీస్టార్ట్ చేశా. ఇది గుర్తు పెట్టుకోవాల్సిన విషయం, తీయకపోతే రేపు ఎవరైనా ఆ బ్రాకెట్ కీ బాగు చేసి కొడితే డి పడుతుంది, వాళ్ళు మెంబ్రేన్ షార్ట్ అయిందనుకుని కీబోర్డు విప్పుతారు.

ఆయన వచ్చాక నేను టెస్ట్ చేసి చూపించలేదు, ఆయన్నే కూర్చోబెట్టి ఒక చెక్కుబందీ మొత్తం కొట్టమన్నా. మా వేళ్ళకీ ఆయన వేళ్ళకీ తేడా ఉంటుంది, మేము కీ మధ్యలో చూసి నొక్కుతాం, ఆయన స్పీడులో అంచున కూడా కొడతారు. ఎక్కడా పొల్లు పోలేదు. "కొంచెం బిగువుగా ఉండాది నాయనా" అన్నారు. అది నిజమే, ఎప్పుడూ వాడని కీ నుంచి తెచ్చిన క్లిప్ కాబట్టి అరగలేదు, పక్కన ఎస్, ఎఫ్ కీలు అరిగి వదులుగా ఉన్నాయి, తేడా తెలుస్తుంది. ఆయన దగ్గర పని నేర్చుకునే అబ్బాయి ఇంగ్లీష్ చూసి కొడతాడంట, అతని కోసం క్యాప్ మీద డి స్టిక్కర్ వేశా.

ఇది ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ రాదు

ఒకటి రెండు కీలు, దెబ్బ పైన భాగాల్లో, కొక్కేలు ఉన్నాయి, కాంటాక్ట్ పడుతోంది, ఇలా ఉంటే కీ వరకే బాగు చేయడం ధర్మం అని నా అభిప్రాయం. టీ గానీ కూల్‌డ్రింక్ గానీ పడి కీలు అక్కడక్కడ పోతుంటే ఈ దారిలో వెళ్ళొద్దు, అది మెంబ్రేన్ లోపలి విషయం, ఈ రోజు ఒక కీ బాగు చేసినా వచ్చే వారం ఇంకోటి పోతుంది, కస్టమర్ డబ్బు రెండుసార్లు ఖర్చు. స్పేస్ బార్, ఎంటర్, షిఫ్ట్ లాంటి పొడుగు కీలకి క్లిప్‌తో పాటు సన్నటి తీగ ఉంటుంది, ఆ తీగని దాని కొక్కేల్లో ముందు కూర్చోబెట్టి తర్వాత క్యాప్ నొక్కాలి, తీగ బయట ఉండగా నొక్కితే అదే వంగి కీ ఒక పక్క దిగి ఇంకో పక్క దిగదు. ఆపిల్ 2015 నుంచి 2019 దాకా మ్యాక్‌బుక్‌లలో వాడిన బటర్‌ఫ్లై రకం క్లిప్ పూర్తిగా వేరు, ఇంకా పల్చన, క్యాప్ తీసేటప్పుడే విరుగుతుంది, పైన చెప్పిన పద్ధతి దానికి వాడకండి.

ఇంట్లో కీ ఊడితే మాకు తెచ్చే ముందు చేయాల్సింది చాలా తక్కువ. క్యాప్, క్లిప్ ముక్కలు, రబ్బరు, దొరికినవన్నీ ఒక చిన్న కవర్లో వేసి తీసుకురండి, విరిగిన ముక్క కూడా, అది ఏ రకం క్లిప్పో చెప్పేది ఆ ముక్కే. ఆ లోపల పని నడవాలంటే రబ్బరు ఉంటే దాని మీదే వేలు పెట్టి మెల్లగా కొట్టుకోవచ్చు, లేదంటే విండోస్, కంట్రోల్, ఓ మూడూ కలిపి కొడితే స్క్రీన్ మీద కీబోర్డు వస్తుంది. గ్లూ మాత్రం, ఏ కంపెనీదైనా సరే, కదిలే భాగం దగ్గరకి తీసుకెళ్ళొద్దు.

ఇప్పుడు కీ కేసు ఏది వచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న ఊడినప్పుడు ఏం జరిగింది అని కాదు, ఊడకముందు కీ ఎలా ఉండింది అని. ఒక పక్క లేచి ఉండింది అంటే కింద ఏదో ఉంది. రెండు పక్కలా సమంగా ఊగుతా ఉండింది అంటే అరుగుదల. ఎత్తులో తేడా లేదు గానీ గట్టిగా కొడితేనే పడేది అంటే రబ్బరు లేదా కాంటాక్ట్. ఈ మూడింటికీ చేసే పని వేరు వేరు.

క్లోజ్ బ్రాకెట్ కీ చోటు ఖాళీగా ఉంటే దుమ్ము, మళ్ళీ పిన్ను ముక్కలు పడతాయి కదా, అప్పటికి పల్చటి టేప్ అడ్డం వేసి పంపించా. తర్వాత కొన్నాళ్ళకి రిచీ స్ట్రీట్ నుంచి వచ్చిన పాత కీబోర్డుల్లో ఒకదాని క్లిప్ ఫోటోతో పోల్చి చూస్తే సరిగ్గా ఇదే రకం, ఆయన తిరుపతి వచ్చినప్పుడు అది పెట్టేశా, దాని అసలు బ్రాకెట్ క్యాప్‌తోనే. స్టాప్లర్, పిన్నులు తీసే చోటు లాప్‌టాప్‌కి ఎడమ పక్క నుంచి బల్ల అవతలి చివరకి మార్చారంట. ఎఫ్ కీ మాత్రం బాగా అరిగి ఉంది, అది పోయినప్పుడు మళ్ళీ ఇలా ఒకదాని నుంచి ఒకటి తీసి పెట్టొద్దు, ఆ టైమ్‌కి కీబోర్డు మార్చేయడమే మంచిది అని చెప్పా. లాప్‌టాప్ అడుగున చిన్న స్టిక్కర్ మీద డి కీ ఎడమ కొక్కెం ఒకసారి వంచి సరిచేసింది, ఇక వంచొద్దు అని రాసి అంటించా, ఇంకో షాపులో తెరిచినా వాళ్ళకి తెలియాలి కదా.